ఆ కేక ఏసోబుది కాదు

ఒక మనిషి ఉద్యోగం నా వల్ల పోయింది. ఎన్నో ఏళ్లుగా ఈ సంగతి లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. భార్యకు చెప్పలేదు. అమ్మకు ఆమె పోయేదాకా చెప్పలేదు. ఉద్యోగం పోవడం ఒక్కటే అయితే ఎప్పుడో ఎవరి దగ్గరో కక్కేసేవాణ్ణేమో, ఉద్యోగాలన్నాక పోతుంటాయి వస్తుంటాయి అని నన్ను నేను సముదాయించుకునేవాణ్ణేమో. నేను చేసింది అంతకంటే నీచమైనది. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి.

అతన్ని ఇక్కడ ఏసోబు అంటాను. అసలు పేరు వేరు. మాది మక్తల్ అవతల ఒక ఊరు. ఇద్దరం ఒకే తరగతి, ఒకే బెంచీ. వాళ్ల నాయిన మా పొలంలో జీతానికి పని చేసేవాడు. అందుకేనేమో, ఒకే ఈడు వాళ్లమైనా అతను నన్ను 'అన్నా' అనేవాడు, నేను అతన్ని 'ఒరేయ్' అనేవాణ్ణి. అందులో వింతేముందో అప్పట్లో నాకు తట్టనే లేదు. పెద్దయ్యాక అతను ఒక ప్రైవేటు బడికి బస్సు డ్రైవరయ్యాడు. ఖాకీ చొక్కా రోజూ ఇస్త్రీ చేయించి తొడిగేవాడు. అతని బిడ్డ రూతు కూడా ఆ బడిలోనే చదివేది, నాయిన వెనక సీట్లోనే కూర్చుని పోయేది. నేను ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరాను. మా ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒక్కటే, కబడ్డీ.

మా వైపు పోటీల్లో ఒక అలవాటుంది. ఏ ఊరి జట్టు ఆడుతుంటే ఆ ఊరి వాళ్లు బరి గీతకు ఆనుకుని గుంపుగా నిలబడతారు. గుంపులో ఒకడు చెయ్యి లేపి కేక అందిస్తాడు. మిగతావాళ్లు అందుకుంటారు. మా ఊరికి కేక అందించేది ఏసోబు. చర్చిలో పాటలు పాడిన గొంతు కదా, మైకు అక్కర్లేదు. అతని చెయ్యి లేచిందంటే ముసలివాళ్లు కూడా అరిచేవాళ్లు. ఊర్లో మామూలు రోజుల్లో అతని మాట ఎవరూ అంతగా పట్టించుకోరు. బరి దగ్గర మాత్రం అందరం అతని చెయ్యి వైపే చూసేవాళ్లం. అది అతనికి ఎంత ఇష్టమో నాకు తెలుసు.

కొత్త రాష్ట్రం వచ్చాక కొన్నేళ్లకు, జాతర రోజుల్లో, మొదటిసారి ఆడపిల్లల జట్లకు కూడా పోటీ పెట్టారు. మా పిల్లలకు ఎదురుగా ఆత్మకూర్ వైపు నుంచి ఒక జట్టు వచ్చింది. పొద్దున్నుంచీ అరిచి అరిచి మా అందరి గొంతులూ బొంగురుపోయి ఉన్నాయి. ఆట చివరికి వచ్చింది. వాళ్ల పిల్ల ఒకతె కూతకు వచ్చింది. నల్లగా, సన్నగా, పదో తరగతి దాటి ఉండదు. మా వాళ్లను ముగ్గురిని తాకి, పట్టుకున్న చేతులు విదిలించుకుని గీత దాటి వెళ్లిపోయింది. ఆట అక్కడే పోయింది. పోతే పోయింది, ఆ పిల్ల మా వైపు తిరిగి తొడ చరిచింది.

మగపిల్లవాడు చరిస్తే ఈల వేసేవాణ్ణి. ఓడిపోయినా వేసేవాణ్ణి. ఆ పిల్ల చరిస్తే నాకెందుకు అంత మండింది? ఇన్నేళ్లూ ఇదే అడుగుతున్నాను. ఓటమి వల్లనా, ఎండ వల్లనా, ఆడపిల్ల అయి ఉండి మగవాళ్ల ముఖం మీద అలా చరుస్తుందా అన్న కుళ్లు నాలో ముందునుంచీ ఉండి ఆ రోజు బయటపడిందా? చివరిదే నిజం. ఏసోబు చెయ్యి లేపి మా పిల్లలకు ధైర్యం చెబుతూ కేక అందించాడు. అందరూ ఊపిరి తీసుకునే ఆ సందులో నేను అరిచాను. ఆ పిల్ల తొడ గురించి. ఆ మాట ఇక్కడ రాయలేను. నా బిడ్డ ఉన్న ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

ఆ పిల్ల చెయ్యి తొడ మీదే ఆగిపోయింది. నిక్కరు అంచు కిందికి లాక్కుంది. ఆమె ముఖం చూశాను. ఎక్కువసేపు చూడలేకపోయాను.

ఎదుటి వైపు నుంచి ఎవరో ఫోన్‌లో తీస్తున్నారు. తెల్లారేసరికి ఆ వీడియో ఊరూరా తిరిగింది. అందులో ఏసోబు ముందున్నాడు. చెయ్యి లేచి ఉంది, నోరు తెరిచి ఉంది, సరిగ్గా అప్పుడే ఆ మాట వినబడుతుంది. నేను అతని భుజం వెనక ఉన్నాను, నా చెవి మాత్రం కనిపిస్తుంది. గొంతు బొంగురుగా ఉంది, ఎవరిదైనా కావచ్చు. గుంపులో అందరి చూపూ బరి మీదే ఉంది, నా వైపు చూసినవాడు లేడు. కానీ కేక అందించేది ఎవరో అందరికీ తెలుసు కదా. మా వాళ్లు కొందరు ఇంకో మాట కూడా అన్నారు. వాళ్ల నోళ్లు అంతేలే అన్నారు. నేను అక్కడే కూర్చుని టీ తాగుతున్నాను.

బస్సెక్కే ఆడపిల్లల తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. యజమాని ఏసోబును పిలిపించి అడిగితే, నేను అనలేదనుకుంటా సార్ అన్నాడట. అలాగైతే పక్కన నిలబడ్డవాణ్ణి ఎవరినైనా తీసుకొచ్చి చెప్పించు, నీ ఉద్యోగం నీకుంటుంది అన్నాడట ఆయన. ఏసోబు అక్కణ్ణుంచి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. నన్ను అనుమానించి వచ్చాడనుకున్నాను. అతను అనుమానించింది నన్ను కాదు.

"అన్నా, నువ్వు నా ఎన్కనే ఉన్నవ్ గదా. నిజం జెప్పు. నేను గా మాట అన్ననా?"

నేను అతని ఖాకీ చొక్కా ఇస్త్రీ మడతలు చూస్తున్నాను.

"చెయ్యి లేపింది యాదికున్నది. మన పిల్లలకు కేకేసింది యాదికున్నది. గా మాట యాదికొస్తలేదు. వీడియోల జూస్తే నేనే అన్నట్టున్నది. రాత్రంత సోంచాయించిన. నువ్వు అనలేదంటే వచ్చి సార్‌కు జెప్పు. అన్ననంటే ఒప్పుకుంట. అబద్ధమాడి బస్సు నడప."

"గంత లొల్లిల నీకేం యాదుంటది రా," అన్నాను.

"అయితే అన్ననా?"

"అన్నవ్."

అతను గోడకు చెయ్యి ఆనించుకున్నాడు.

"నా నోట్లకెళ్లి ఎట్లొచ్చింది అన్నా? నాకూ ఆడపిల్ల ఉన్నది గదా."

ఇదీ నేను చేసింది. ఆ ఏడాది మమ్మల్ని పర్మనెంట్ చేస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు. పోలీసు కేసు అవుతుందేమో, ఉన్నదీ ఊడుతుందేమో అని భయపడ్డాను. మా అమ్మాయి అప్పటికి పలక పట్టే వయసు. ఇవన్నీ కారణాలే, ఒప్పుకుంటాను. కానీ నాకు తెలియదు రా, వినబడలేదు రా అనొచ్చు కదా? అలా అన్నా నేను బయటపడేవాణ్ణే. అన్నవ్ అని ఎందుకన్నాను? అనుమానం మిగిలితే అది తిరిగి తిరిగి నా దగ్గరికి వస్తుంది. అతను పూర్తిగా నమ్మితేనే నేను పూర్తిగా తప్పించుకుంటాను. అంత లెక్క ఆ ఒక్క క్షణంలో నా బుర్రలో జరిగింది. నేను తెలివైనవాణ్ణని చిన్నప్పుడు మా పంతుళ్లు అనేవాళ్లు.

ఏసోబు వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. అదే పూట బస్సు తాళం తీసేసుకున్నారు.

తర్వాత ఆ పిల్ల ఊరికి పోయి క్షమించమని అడుగుతానన్నాడు, తోడు రమ్మన్నాడు. నా బండి మీదే తీసుకుపోయాను. ఎలా పోయానని అడగకండి, పోయాను. అతను వాళ్ల గడప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను బండి దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల చాలాసేపటికి బయటికి వచ్చింది. ఏడ్చి ఉన్న కళ్లు. ఇక పొమ్మంది, మనసులో పెట్టుకోనంది. ఆమె క్షమించింది, తననేమీ అనని మనిషిని. అన్నవాణ్ణి మాత్రం మంచినీళ్లు తాగుతావా అని అడిగింది.

రూతుకు ఆ వీడియో తోటి పిల్లలు చూపించారు. ఆమె హాస్టల్‌కు వెళ్లిపోయింది. సెలవులకు వచ్చినా నాయినతో మాట్లాడేది కాదని అతని భార్య మా ఇంట్లో చెప్పి ఏడ్చింది. ఆ బడి కాదంటే ఇంకే బడీ అతనికి బస్సు ఇవ్వలేదు. హైదరాబాద్ పోయాడు, కట్టే భవనాల దగ్గర కాపలా పనికి. ఒక క్రిస్మస్‌కు ఊరికి వచ్చి భోజనానికి పిలిస్తే వెళ్లాను. చర్చిలో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతున్నారు. ఏసోబు లేచి, నా నోరు ఒక ఆడబిడ్డను గాయపరిచింది ప్రభువా అని అందరి ముందూ ఏడ్చాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను వెనక కుర్చీలో ఉన్నాను. ఆ గొంతుతో అతను మళ్లీ పాడలేదు. బరి దగ్గరికీ రాలేదు. మా ఊరికి కేక అందించేది ఇప్పుడు ఇంకెవరో.

నాకు ఉద్యోగం పర్మనెంట్ అయింది.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న ఒకటి జరిగింది. మా అమ్మాయి వాళ్ల బడి కబడ్డీ జట్టులో ఆడుతుంది. జిల్లా పోటీలకు ఎంపికైందని తెలిసి, ఊరికి వచ్చిన ఏసోబు జామకాయలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తలంతా నెరిసిపోయింది. అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బరిలో ఎవడన్నా పాడు మాట అంటే తల దించుకోవద్దు బిడ్డా, తప్పు వాడిది అని చెప్పాడు. అంతటితో ఆపితే బాగుండేది. ఆపలేదు. అలాంటి మాట ఒకప్పుడు నేనే అన్నాను, నీ ఈడు పిల్లను అన్నాను అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. దాచడం అతనికి చేతకాదు.

అతను వెళ్లాక మా అమ్మాయి జామకాయలు ముట్టలేదు.

"నాయినా, ఆయన మనింటికి మళ్ల రావొద్దు. గసొంటోనితోని నీకు దోస్తానేంది?"

నేను సరే బిడ్డా అన్నాను.

రెండోసారి కూడా నా నిందలోకి అతన్నే తోశాను. ఈసారి ఉద్యోగ భయం లేదు, కేసు భయం లేదు. బిడ్డ నన్ను అలా చూస్తుందన్న భయం, అంతే. ఏసోబు బిడ్డ అతన్ని అలా చూస్తూనే పెద్దదైంది.

అతనికి చెబుతానని మీకు మాట ఇవ్వలేను. నాకు ఎంత ధైర్యం ఉందో మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. చెబితే అతను నన్ను కొడితే బాగుండు. కొట్టడు. ఇన్నేళ్లూ తను అనని మాటకు ఏడ్చానని తెలిసి అతనేమైపోతాడో ఆలోచించలేకపోతున్నాను. మీ క్షమ కూడా నాకు వద్దు, అది ఇవ్వాల్సిన వాళ్లు మీరు కాదు. ఒక్కచోటైనా ఈ నిజం ఉండాలని రాస్తున్నాను. రాస్తుంటే ఛాతీ కొంచెం తేలికైంది. అంత తేలిక కావడానికి కూడా నాకు హక్కు లేదేమో.

ఆ రోజు ఆ పిల్లను అన్నది నేను. ఏసోబు అనలేదు. అతనికి గుర్తు రాకపోవడానికి కారణం, అతను అనకపోవడమే.