గోదారి దాటించిన కుక్క

మా వైపు ఒక నమ్మకం ఉంది. వద్దనుకున్న కుక్కను ఎంత దూరం తీసుకెళ్ళి వదిలినా వాసన పట్టుకుని తిరిగొచ్చేస్తుందట. అదే గోదారి దాటిస్తే రాదట. నీళ్ళ మీద వాసన తెగిపోతుందట. ఎవరు కనిపెట్టారో తెలియదు కానీ రెండు ఒడ్డుల వాళ్ళూ దీన్ని గట్టిగా నమ్ముతారు. సఖినేటిపల్లి వాళ్ళు కుక్కను పంటు పడవ ఎక్కించి నరసాపురం రేవులో వదిలేసి వస్తారు. నరసాపురం వాళ్ళు అదే పంటు మీద తెచ్చి మా రేవులో వదిలేసి పోతారు. మనుషులూ మోటారు సైకిళ్ళూ కొబ్బరికాయల బస్తాలూ దాటే ఆ పంటు మీద కుక్కలకి టికెట్ కూడా లేదు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఇన్నేళ్ళుగా నష్టపోతున్నది నేను. మా ఇల్లు రేవుకి దగ్గర.

నేను జాకెట్లు కుడతాను. కుక్కలంటే పడిచచ్చే మనిషిని కానని చెబితే ఎవరూ నమ్మరు. మొదటిది ఒక వానలో వచ్చి కుట్టుమిషను కింద పడుకుంది. పోనీలే, వాన తగ్గాక పోతుందనుకున్నాను. వాన తగ్గింది, అది పోలేదు. రెండోదాని కాలు మీదుగా ఏదో బండి వెళ్ళింది. మూడోదాన్నీ నాలుగోదాన్నీ మా గేటుకే కట్టేసి పోయారు. పెళ్ళి జాకెట్లు ఇచ్చిన ఒకావిడ అంచుకి అంటుకున్న వెంట్రుకలు ఏరి నాకు చూపించి, "కుక్కలతో పాటు మమ్మల్ని కూడా కాస్త చూడండమ్మా" అంది. ఆవిడ మళ్ళీ రాలేదు.

రోడ్డున పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి "ఎంత పుణ్యమండీ మీకు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పుణ్యం అనేసి వాళ్ళు వెళ్ళిపోతారు, చీపురు నా చేతిలో ఉంటుంది. గజ్జి మందు పూయాలి, పురుగుల మాత్ర బెల్లంలో పెట్టి మింగించాలి. రాజోలు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ఆటో అతను కుక్కను చూడగానే వేరే బేరం ఉందంటాడు. నా మోకాళ్ళు మెట్లు దిగనివ్వవు. ఎవరింటికైనా పెళ్ళికి వెళ్ళి రాత్రి ఉండిపోవడం అనేది నా జీవితంలోంచి పోయి చాలా కాలమైంది. మా ఆయన రొయ్యల మేత దుకాణంలో పని చేస్తారు. నాలుగోది వచ్చినప్పుడు "ఇదే ఆఖరు" అన్నారు. నేనూ అదే అన్నాను. నిజంగానే అన్నాను.

అప్పుడు వచ్చింది ఈ ఎర్ర కుక్క.

రేవులో టికెట్లు కోసే అతను నన్ను అక్కగారూ అని పిలుస్తాడు. ఒక పొద్దున్న కుట్టిన బట్టలు ఇవ్వడానికి అటు వెళ్తే చేయి ఊపి పిలిచాడు.

"అక్కగారూ, మీకు ఇంకోటొచ్చిందండి. ఒకాయన బండి మీద ముందు కూర్చోబెట్టుకుని తెచ్చేరండి. టీ కొట్టు దగ్గర దింపి, బిస్కట్లు ముందు పోసి, అది తింటూ ఉండగా అదే పంటు ఎక్కి వెళ్ళిపోయేరండి."

"నువ్వు ఆపలేదా?"

"ఏమని ఆపుతానండీ? ఆయ్, అంత మర్యాదగా ఉన్నారండి ఆయన. దాని తల నిమిరేరు కూడానండి."

కుక్క రేవు చివర, నీళ్ళకి దగ్గరగా కూర్చుని ఉంది. చిన్నపిల్లేమీ కాదు, మూతి దగ్గర తెల్లబడింది. శుభ్రంగా ఉంది. ఒంటి మీద ఎక్కడా దెబ్బ లేదు. బాగా పెంచిన కుక్క అని చూడగానే తెలిసిపోతోంది. బిస్కట్లు సగం అలాగే ఉన్నాయి. రమ్మంటే నా వైపు ఒకసారి చూసి మళ్ళీ నది వైపు తిరిగింది.

పంటు ఇంజను చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది. ఆ చప్పుడు రాగానే అది లేచి నిలబడేది. ఒడ్డుకి పలక వేసి జనం దిగడం మొదలుపెడితే పక్కగా నిలబడి, దిగే ప్రతివాళ్ళ కాళ్ళూ వాసన చూసేది. చెప్పుల కాళ్ళు, బూట్ల కాళ్ళు, పట్టీల కాళ్ళు, బండి మీద వచ్చేవాళ్ళ పాంట్ల అంచులు. ఒక్కరినీ వదిలేది కాదు. ఆఖరి మనిషి దిగాక వెనక్కి వచ్చి దాని చోట్లో అది కూర్చునేది. రేవులో వాళ్ళు దానికి టికెట్ కలెక్టరు అని పేరు పెట్టారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

పొద్దున్నా సాయంత్రం గిన్నెలో అన్నం పట్టుకుని రేవుకి వెళ్ళడం నాకు కొత్త పని అయింది. తాడు కట్టి ఇంటికి తెస్తే తాడు కొరికేసి రేవుకి పరిగెత్తింది. గదిలో పెట్టి తలుపు వేస్తే తలుపు గీకి గీకి గోళ్ళ నుంచి రక్తం వచ్చింది. ఇక తలుపు తీసేశాను. రోడ్డు మీద లారీలు తిరుగుతుంటాయి. రేవులో దుకాణాల వాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారో తెలియదు, ఒకరిద్దరు అప్పటికే విసుక్కుంటున్నారు. వానాకాలం వచ్చేస్తోంది. అది ఆ రేవు మాని మా ఇంటికి వచ్చి పడుకుంటే చాలు, నాకు ఇంకేమీ అక్కరలేదు అనుకునేదాన్ని. వద్దు వద్దంటూనే ఐదోదాన్ని రమ్మని బతిమాలుకుంటున్నాను. మా ఆయన ఈ మాట అన్నారు కూడా.

వరద మొదలై గోదారికి ఎర్రనీరు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెప్పారు, పంటు ఆపేశారు. నేను గొడుగు వేసుకుని వెళ్ళేసరికి రేవు దిగువ భాగం మునిగిపోయి ఉంది. కుక్క ఇంకాస్త పైకి జరిగి కూర్చుంది. నీళ్ళు పెరిగిన కొద్దీ వెనక్కి జరుగుతోందన్నమాట, వెళ్ళిపోవడం లేదు. ఇంజను చప్పుడు లేదు, జనం లేరు, టీ కొట్టు మూసేశారు. నేను పక్కన నిలబడి, "ఇవాళ ఎవరూ రారే. పద" అన్నాను. ఏం అర్థమైందో నాకు తెలియదు. నేను నడిచాను, అది వెనకాలే వచ్చింది. తాడు లేదు.

వరద ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంది. మిషను కింద చోటు కోసం మొదటి కుక్క గుర్రుమంటే తల వంచుకుని గుమ్మం దగ్గర పడుకుంది. రెండు రోజుల్లో ఆ ముసలిదే కాస్త జరిగి దీనికి చోటిచ్చింది. పులుసు అన్నం వాసన చూసి వదిలేసింది, పెరుగన్నం పెడితే గిన్నె నాకేసింది. ఉరిమితే వణికిపోయి నా కాళ్ళ మధ్యకి దూరేది. పెడల్ తొక్కడానికి వీలు లేక నేను మిషను ఆపి కూర్చునేదాన్ని. జనమంతా వరద తగ్గి నీరు తియ్యాలని కోరుకుంటుంటే నాకు మాత్రం మనసులో ఎక్కడో ఇంకో రెండు రోజులు పోనీ అనిపించేది. లంకల్లో ఇళ్ళు మునిగి జనం అవస్థ పడుతుంటే అలా అనుకోవడం ఎంత తప్పో నాకు తెలుసు. అయినా అనుకున్నాను.

నీరు తీసింది. ఒక పొద్దున్న ఇంజను చప్పుడు వినిపించింది. అది లేచి, ఒళ్ళు విరుచుకుని, గేటు సందులోంచి వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది. కుక్క మీద కోపమేమిటని మా ఆయన నవ్వారు. సాయంత్రం చీకటి పడుతుంటే అదే తిరిగి వచ్చి గిన్నె దగ్గర నిలబడింది. అప్పటి నుంచీ అదే వరస. పగలంతా రేవులో ఉద్యోగం, రాత్రి మా ఇంట్లో భోజనం. అంతటితో సరిపెట్టుకున్నాను.

కార్తీకమాసంలో అంతర్వేది వెళ్ళేవాళ్ళతో పంటు కిటకిటలాడుతుంది. అలాంటి ఒక ఆదివారం పొద్దున్న నేను రేవులోనే ఉన్నాను. కుక్క ఎప్పటిలాగే కాళ్ళు చూసుకుంటూ వెళ్తోంది. మోటారు సైకిల్ నడిపించుకుంటూ దిగిన ఒకాయన దగ్గర ఆగిపోయింది. దాని ఒళ్ళంతా ఊగిపోయింది. ఏడుస్తోందో అరుస్తోందో తెలియని గొంతుతో ఆయన కాళ్ళ చుట్టూ తిరిగింది, నేల మీద పడి దొర్లింది, లేచి వెనకాల ఉన్న ఆయన భార్య మీదకి ముందుకాళ్ళు వేసింది. ఆవిడ చేతిలో పూజ బుట్ట ఉంది. బుట్ట కింద పెట్టేసి, దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక పేరు పెట్టి పిలిచింది. అన్ని నెలల్లో దాని పేరేమిటో నేను అప్పుడే విన్నాను.

"ఇది మీదా?" అని అడిగాను.

ఆయన బండికి స్టాండు వేసి చేతులు జోడించాడు. "మాదేనండీ. టైలరమ్మగారంటే మీరేనాండీ? మా వీధిలో చెప్పేరండి, ఇవతల రేవులో ఒకావిడ ఉన్నారు, వదిలేసినవాటిని కన్నపిల్లల్లా చూసుకుంటారని. లేకపోతే వదిలేవాళ్ళం కాదండీ. ఆయ్, మిమ్మల్ని నమ్ముకునే తెచ్చేనండీ."

"తెచ్చినవాళ్ళు మా గుమ్మం దాకా రావచ్చు కదండీ."

"మొహం చెల్లలేదండీ. ఇల్లు మారేమండి. మేడ మీద వాటా. కుక్క ఉంటే అద్దెకి ఇచ్చేది లేదన్నారండి. చాలా చోట్ల అడిగేమండీ."

ఆ మనిషి దొరికితే అందామని నెలల తరబడి దాచుకున్న తిట్లు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. గోదారి అవతల నాకు పేరుందని, ఆ పేరు చూసుకునే కుక్కల్ని పంటు ఎక్కిస్తున్నారని నాకు అంతవరకూ తట్టలేదు. నేను లేకపోతే ఈయన ఇంకో నాలుగు ఇళ్ళు వెతికేవాడేమో. నేనున్నాననే ధైర్యంతో వెతకడం మానేశాడేమో. ఎక్కడ వదిలినా వదిలేవాడేమో కూడా, ఎవరు చెప్పగలరు? అలసట అంటే అప్పటివరకూ మోకాళ్ళ నొప్పి అనుకున్నాను. అది కాదని ఆ క్షణంలో తెలిసింది.

"పోనీ, ఇప్పుడు తీసుకెళ్తారా?" అన్నాను. అన్నాక భయం వేసింది, సరేనంటే?

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన బండి వైపు చూశాడు. "ఎలాగండీ..." అన్నాడు. నాకు గుండె తేలికపడింది. కుక్క ఆవిడ చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టుకుని ఉంది, నాకేమో గుండె తేలికపడింది. సిగ్గేసింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. "పులుసు పెట్టకండేం, దానికి పడదండీ. పెరుగన్నం బాగా తింటుందండి. ఉరుములంటే మహా భయమండీ, కాస్త పక్కన కూర్చుంటే చాలండి." ఇవన్నీ నాకు తెలుసు. తెలుసని అనలేదు. ఊఁ, ఊఁ అంటూ మొదటిసారి వింటున్నట్టు విన్నాను.

"మేం వెళ్ళేదాకా కాస్త పట్టుకుంటారాండీ?" అని ఆయనే అడిగాడు.

కింద కూర్చుని రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాను. బండి కదలగానే అది గుంజుకుంది. నన్ను కరవచ్చు, కరవలేదు. దాని గుండె నా చేతికి దడదడా తగులుతోంది. బండి మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా వదల్లేదు. టికెట్లు కోసే అతను వచ్చి, "వదిలెయ్యండక్కగారూ, వెళ్ళిపోయేరు" అన్నాక వదిలాను. అది మలుపు దాకా పరిగెత్తి, అక్కడ నిలబడి, మళ్ళీ రేవులోకి వచ్చి కూర్చుంది. ఈసారి నది వైపు కాదు, అంతర్వేది రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. వెళ్ళినవాళ్ళు ఇటే రావాలి కదా.

నేనూ ఇంటికి వెళ్ళలేదు. కుట్టాల్సినవి చాలా ఉన్నాయి, పడి ఉండనీ అనుకున్నాను. దర్శనాలు అయినవాళ్ళు ప్రసాదం పొట్లాలతో ఒక్కొక్కరే వచ్చి పంటు ఎక్కుతున్నారు. అది ప్రతి బండినీ చూసింది. పొద్దు వాలింది. దీపాలు వెలిగాయి. వాళ్ళు రాలేదు.

"దిండి మీంచి వెళ్ళిపోయుంటారండి. చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు తిరిగి వెళ్తే సరిపోతుంది కదండీ" అన్నాడు టికెట్లు కోసే అతను. "చుట్టూ తిరుగుడేననుకోండి. మళ్ళీ దీని మొహం చూడలేకండి."

ఆఖరి పంటు వెళ్ళిపోయింది. కుక్క కాసేపు ఖాళీ రోడ్డు వైపు చూసి లేచింది. నేను పిలవలేదు. నా కన్నా ముందే మా ఇంటి వైపు నడిచింది.

మర్నాడు పొద్దున్న ఇంజను చప్పుడు వినిపించింది. అది మిషను కింద పడుకుని ఉంది. తల ఎత్తలేదు. ఆ మర్నాడూ అంతే. అప్పటి నుంచి రేవు వైపు వెళ్ళలేదు. వేళకి తింటుంది, పడుకుంటుంది, మిగతావాటితో పాటు గేటు దాకా వచ్చి మొరుగుతుంది. నేను కోరుకున్నది ఇదే కదా, రేవు మాని ఇంటికి రావాలనే కదా. దక్కింది. ఇప్పుడు ఇంజను చప్పుడు వినిపించినప్పుడల్లా సూది ఆపి దాని వైపు చూసేది నేనే. ఒక్కసారైనా చెవి ఎత్తితే బాగుండును అనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆవిడ పిలిచిన పేరుతో దాన్ని పిలిచాను. నా గొంతుకి పలుకుతుందేమో చూద్దామని. చటుక్కున లేచింది. చెవులు నిక్కించి, తోక ఊపుకుంటూ, నన్ను రాసుకుంటూ దాటి వెళ్ళిపోయి గేటు దగ్గర నిలబడింది. రోడ్డుకి అటూ ఇటూ చూసింది. చాలాసేపు చూసింది. తరవాత మెల్లగా వచ్చి దాని చోట్లో పడుకుంది.

ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు. అన్నం కలిపాక "రావే" అంటాను, అంతే. వస్తుంది.