అర శ్రుతి తగ్గించిన రోజు

శుక్రవారం సాయంత్రం ఐదుంబావుకు, బహ్రెయిన్‌లో, మనామాలోని ఒక చర్చి హాల్లో, పద్నాలుగు మందితో మా గాయకబృందం మొదలైంది. నాలుగో ఏటికి ముప్పయ్యొక్క గొంతులు, తొమ్మిది వాద్యాలు అయ్యాం. మూడు వందల ఏళ్ల నాటి యూరప్ చర్చి సంగీతమే పాడేవాళ్లం. హాజరుపట్టీ, ప్రకటనలు నా పని. ప్రకటన ఆరింటికి ఒక్కసారే చదివేదాన్ని. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మళ్లీ చెప్పేదాన్ని కాదు. ఆ నియమం నేను పెట్టిందే.

కింది స్థాయిలో పాడే బాస్ గొంతుల్లో మేలైనది నువైద్రాత్ కూలీల క్యాంపులో ఉండే ఒక మేస్త్రీది. కరీంనగర్ వైపు మనిషి. స్వరలిపి చదవడం రాదు. లాటిన్ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని, సాధనలో కీబోర్డు పలికిన శ్రుతిని చెవిలో నిలుపుకుని పాడేవాడు. అది వెంట్రుకవాసి కదిలేది కాదు. ఆ ఏటి కచేరీలో మొదటి పాటను వాద్యాలేవీ లేకుండా అతనొక్కడే ఎత్తుకోవాలి. అతనికి ఒంటరిగా పాడే అవకాశం రావడం అదే మొదటిసారి. దానికోసం నాలుగు శుక్రవారాల ఓవర్‌టైం వదులుకున్నాడు.

కచేరీ రోజు వాద్యబృందం పాతకాలపు పద్ధతిలో అర శ్రుతి తగ్గించింది. ఆరింటికి ఆ సంగతి చదివి, కొత్త శ్రుతి ఆర్గన్ దగ్గర విని వెళ్లమన్నాను. అతను ఆరూ ఇరవై రెండుకు వచ్చాడు.

"ఏం భాయ్, షేకు లెక్క ఇప్పుడొస్తున్నవ్?" అన్నాడు పై స్థాయిలో పాడే హైదరాబాదు టెనర్.

"క్యాంపు బస్సు సిత్రా కాడ ఆగింది. అమ్మా, ఏమన్న చెప్పిన్రా?"

"చెప్పాను, ఆరింటికి. వెళ్లి నిలబడు."

టెనర్ నోరు తెరవబోయాడు. నేను చూసిన చూపుకు మూసుకున్నాడు. హాజరుపట్టీలో 'ఆలస్యం, ఇరవై రెండు నిమిషాలు' అని రాశాను.

ఊళ్లో ఉన్న భార్య వినాలని మేస్త్రీ ఆమెకు ఫోను కలిపి, దాన్ని ముందు వరుస బెంచీ మీద పెట్టించాడు. ఆరున్నరకు పాట ఎత్తుకున్నాడు, సాధనలో ఏ శ్రుతిలో పాడాడో అందులోనే. ఐదో మాటకు వయొలిన్లు కలిశాయి, అర శ్రుతి కింద. తప్పు వాటిదే అనుకున్నాడేమో, ఇంకా గట్టిగా పాడాడు. రెండో వరుసలో ఎవరో నవ్వారు. బృందాన్ని నడిపించే కండక్టర్ చెయ్యెత్తి ఆపేశాడు. ఫోనులోంచి ఒక ఆడగొంతు, "ఏమైంది? ఎందుకు ఆపిన్రు?" అంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ భాగం ఇంకొకరు పాడారు.

మెట్ల దగ్గర అడిగాడు.

"మీకు ఎర్కే గదమ్మా?"

"తెలుసు."

"ఒక్క ముక్క చెప్తే ఏం పోతుండె?"

"నువ్వు ఆరింటికి రావాల్సింది."

"బస్సు నేన్ నడ్పుతున్ననా అమ్మా?" పాట కాగితాలు నా చేతిలో పెట్టాడు. "ఖలాస్. నా పేరు కొట్టెయ్యిరి."

కొట్టేశాను.

పోయినవి ఇవి: బాస్‌లో అతను, అతని గొంతు పట్టుకుని పాడే మరి ఇద్దరు. నాతో మాట మానేసిన టెనర్. బాస్ గొంతులు చాలక ఆగిపోయిన ఈస్టర్ కచేరీ. కచేరీ లేదని తప్పుకున్న, తొమ్మిది వాద్యాల్లో ఆరు. ఏడాది తిరగకుండానే, బృందం.