మిగిలిపోయిన రెండు పట్టీలు

ఇంటి ముందు మా మనవడు జాకీ పెట్టి కారుకి పొట్టి స్ప్రింగులు బిగిస్తున్నాడు. ఆ గ్రీజు వాసనకి, అరవై ఏళ్ల కిందట వెంకటాచలం ఊళ్లో మా నాయన గుర్తొచ్చాడు.

మోకాళ్ల నొప్పితో కారెక్కలేక, ఆ మాట ఒప్పుకోలేక, మా అవ్వ నెల్లూరు ఆస్పత్రికి రానని మొండికేసింది. నాయన కారు కింద దూరి, వెనక చక్రాల మీద బరువు మోసే రెండు కమాను కట్టల్లోంచి ఒక్కో ఇనప పట్టీ తీసేశాడు. కారు బెత్తెడు కిందికి దిగింది.

"బండి పాతబడి కుంగిపోయిందమ్మా" అన్నాడు అవ్వతో.

నేనూరుకుంటేగా! "నాయనా, రెండు పట్టీలు బిగించేది మరిచిపోయినావు!" అని అరిచాను.

అవ్వ నేలమీది పట్టీలను చూసింది. నాయన ముఖం చూసింది. "పోనీలే, వాడికి చిన్నప్పటినుంచీ మతిమరుపే" అంటూ ఎక్కి కూర్చుంది.

"కారుని ఎందుకురా కిందికి దించుతున్నావు?" మనవణ్ణి అడిగాను.

"ఫ్యాషన్ అవ్వా" అన్నాడు, నా మోకాళ్లవైపు చూడకుండా.