గానుగ వీధిలో గోదావరి

మా అత్తగారికి రాజమండ్రి కంఠతా వచ్చు. నేను కాపురానికి వెళ్లిన కొత్తలో, మొగల్తూరు దగ్గరి ఆ పల్లెలో, మధ్యాహ్నం వంటిళ్లు సర్దుకున్నాక చుట్టాల ఆడవాళ్లందరూ మా వెనక వసారాలో చేరి ఆవిడ చేత ఆ ఊరు చెప్పించుకునేవారు. కోటగుమ్మం దగ్గర మొదలుపెట్టి, పాత కోటలో ఇప్పుడున్న జైలు, సారంగధర మెట్ట, మార్కండేయస్వామి గుడి, కోటిలింగాల రేవు, ఆ రేవు కింద అవతలి గట్టు కనపడనంత గోదావరి, అన్నీ వరసగా చెప్పేవారు. చెబుతూ చెయ్యి ఇటూ అటూ చూపిస్తే వినేవాళ్ల మెడలు కూడా అటే తిరిగేవి. మూడుసార్లు చూసొచ్చిన మనిషి మరి. మా చుట్టుపక్కల రాజమండ్రి చూసిన ఆడది ఆవిడొక్కరే.

మా ఇళ్లలో ఆడవాళ్లకి ఘోషా. వీధి గుమ్మం దాటకూడదు. తప్పనిసరై దాటితే నాలుగు పక్కలా గుడ్డ కట్టిన బండిలో దాటాలి. నేను పుట్టిన పాలకొల్లులోనూ మావాళ్లది ఇదే ఆచారం, కాని ఈడేరేదాకా ఆడపిల్లకి ఆ బెడద లేదు. క్షీరారామం గోపురం కింద నిలబడి మెడ నొప్పెట్టేలా పైకి చూసినదాన్ని. సంతలో లక్కబొమ్మల దుకాణం ముందు నుంచి కదలకుండా తన్నులు తిన్నదాన్ని. అలా తిరిగినదాన్ని ఒక పొద్దున పట్టుకుని లోపల పెట్టారు. అసలెప్పుడూ చూడనివాళ్ల సంగతి నాకు తెలియదు గాని, చూసి మానుకోవలసి వచ్చినందుకు నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

మా మామగారికి ఒక లంక భూమి మీద వ్యాజ్యం వచ్చింది. జిల్లా కోర్టు రాజమండ్రిలో కాబట్టి అక్కడొక ఇల్లు అద్దెకి తీసుకుని, ఆయనా మా ఆయనా కోర్టు చుట్టూ తిరగడానికీ, వాళ్లకి వండిపెట్టడానికి అత్తగారూ నేనూ బయల్దేరాం. కాలువ వెంట పడవ ప్రయాణం. చాపల గూడు, దాని చుట్టూ తెర. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు నీళ్ల హోరు విన్నాను, గట్టు మీద పడవ లాగేవాళ్ల కేకలు విన్నాను. చివరికి గోదావరి దాటేటప్పుడు కూడా తెర విప్పలేదు. పడవ పెద్దగా ఊగింది.

"గోదావరిలోకి వచ్చామే అమ్మాయ్, దణ్ణం పెట్టుకో" అన్నారు అత్తగారు.

ఆ ఊగుడుకే దణ్ణం పెట్టుకున్నాను. ఇంత దూరం వచ్చి, గోదావరి ఊగుడు మాత్రం చూసి వెళ్లడం నా వల్ల కాదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

రాజమండ్రిలో ఘోషా ఆడవాళ్లకి ఊరు చూపించే జట్కా ఒకటి ఉండేది. అత్తగారు ముందు మూడుసార్లూ చూసింది ఆ బండిలోనే. అప్పుడు తండ్రి తోలేవాడట, ఇప్పుడు కొడుకు. కోర్టుకి సెలవొచ్చిన ఒక రోజు అత్తగారు అడగ్గా అడగ్గా మామగారు ఒప్పుకుని ఆ జట్కాని పిలిపించారు. గుమ్మానికీ బండికీ మధ్య దుప్పట్లు అడ్డం పట్టించి ఎక్కాం. లోపల మెత్తటి పరుపు, బాలీసులు, ఇత్తడి గొలుసులకి వేలాడే రెండు చిన్న దీపాలు, చుట్టూ కుచ్చులు కుట్టిన మందపాటి ఎర్ర తెర. పూర్వం ఏ రాణిగారో ఎక్కిన బండట. వారం కిందట వేసిన రంగు వాసన ఇంకా పోలేదు. మాకు కాపలాగా మామగారి నమ్మినబంటు, ఒక మీసాల మనిషి, ముందు బండివాడి పక్కన కూర్చున్నాడు.

ఊరు చూపించడం అంటే ఏమిటో బండి కదిలాక తెలిసింది. బండివాడు తెర బయట కూర్చుని, ఏది వస్తే అది గట్టిగా చెబుతాడు. మనం లోపల కూర్చుని వినాలి.

"అమ్మగారండీ, కోటగుమ్మం వచ్చేశామండి! కుడిచేతి పక్కన చూడండి, ఎంతెత్తు గుమ్మమో! ఏనుగు అంబారీతో దూరిపోద్దండి!"

చూడండి అంటాడు! అత్తగారు నిజంగానే కుడివైపుకి తిరిగి ఆ ఎర్ర గుడ్డకేసి కళ్లు విప్పార్చుకుని చూశారు. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది. నేను కుట్టు దగ్గర కన్ను ఆనించి చూశాను. ఎరుపు తప్ప ఏమీ కనపడలేదు.

కాసేపటికి బండి ఒకచోట ఆగింది. మీసాల మనిషి దిగిన కుదుపు తెలిసింది. "మీరు పోతా ఉండండి, నే వెనకాల నడిచొస్తా" అని బండివాడితో అన్నాడు. అక్కడ గానుగ కిర్రుమంటోంది. తెలకపిండి వాసన గుప్పుమంది. గానుగవాడు ఎద్దుని అదిలిస్తున్నాడు: "నడువు, నడువు, నీ దుంపతెగ!"

తరువాత జైలు వచ్చిందన్నాడు బండివాడు. ఆ గోడల మందం ఎంతో, లోపల ఎంతమంది దొంగలున్నారో చెప్పాడు. లోపల కూర్చుని దొంగల మీద జాలి పడ్డాను. మళ్లీ గానుగ కిర్రుమంది, మళ్లీ "నీ దుంపతెగ" వినిపించింది. ఊళ్లో గానుగలు చాలా ఉన్నాయి కాబోలు అనుకున్నాను. ఆ తరువాత సారంగధర మెట్ట ఎక్కుతున్నాం, గట్టిగా పట్టుకోండి అన్నాడు. అత్తగారు దీపం గొలుసు గట్టిగా పట్టుకున్నారు. బండి ఇంత కూడా వెనక్కి వాలలేదు. ఒళ్లో పెట్టుకున్న తమలపాకుల పళ్లెంలో వక్క దొర్లలేదు. పైగా మెట్ట మీద కూడా తెలకపిండి వాసనే.

"కోటిలింగాల రేవండి! ఎడంచేతి పక్కనంతా గోదారేనండి! అవతలి గట్టు ఆనదండి! అమ్మకి దణ్ణం పెట్టుకోండి!"

అత్తగారు కళ్లు మూసుకుని చేతులు జోడించారు. పెదవులు కదులుతున్నాయి. నాకు మాత్రం గోదావరి ఒడ్డున గాలి ఉంటుందని తెలుసు. పడవలో తెర లోంచి కూడా అది తగిలింది. ఇక్కడ కుచ్చు కూడా కదలడం లేదు.

"గాలేదీ?" అన్నాను, పైకే.

కోడలు తెర లోంచి పరాయి మగవాడితో మాట్లాడడమే! అత్తగారు నా తొడ మీద గిల్లారు. బండివాడు మాత్రం తడుముకోలేదు.

"గోదారమ్మ ఇయ్యాళ నిద్రోతోందండి."

సరిగ్గా అప్పుడే, ఆ నిద్రపోతున్న గోదావరి వైపు నుంచి వినిపించింది: "నడువు, నడువు, నీ దుంపతెగ!"

నేను తెర రెండు చేతులతో పట్టుకుని లాగేశాను. తెర ఉంగరాలు కుట్టిన దారాలు పుటుక్కుమని తెగి, ఉంగరాలు కిందపడ్డాయి. ఎదురుగా ఒక పాక, పాకలో గానుగ, దాని చుట్టూ కళ్లకి గంతలు కట్టిన ఎద్దు, తెలకపిండి కుప్ప. వీధికి ఇవతల కల్లు పాక. అందులో మీసాల మనిషి, చేతిలో దొప్ప. అతను మీసం తుడుచుకోవడం కూడా మరిచిపోయి నన్నే చూస్తున్నాడు. పొద్దుటి నుంచీ మేము ఆ వీధి చుట్టూ, ఆ ఎద్దు లాగే, తిరుగుతున్నాం.

బండివాడు దిగి చేతులు కట్టుకున్నాడు. నేను అరిచిన అరుపులకి గానుగ కూడా ఆగిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, వీడు నోటితోనే ఊరు కట్టేశాడు!

"గుర్రం ముసల్దండి. మెట్టెక్కలేదండి" అన్నాడు. "మా నాన్నగారి కాణ్ణించీ ఘోషా అమ్మగార్లకి ఇంతేనండి. చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదండి, అన్నీ ఉన్నయ్యేనండి. ఎలాగూ చూడరు కదండీ!"

ఎలాగూ చూడరు. పొద్దుటి నుంచీ వాడి నోటినుంచి వచ్చిన మాటల్లో నిజం అదొక్కటే. తెర అతను కట్టమనలేదు. మా ఇంట్లోవాళ్లే మమ్మల్ని తెరలో పెట్టి అతని చేతికి అప్పగించారు. అందుకని కోపమంతా అతని మీదే చూపించడం నాకు చాతకాలేదు.

అత్తగారి వైపు తిరగడానికి భయం వేసింది. ఆవిడ తెలకపిండి కుప్పకేసి చూస్తున్నారు. ఆవిడకి మిగిలిన గొప్ప అదొక్కటే, రాజమండ్రి చూడడం. అది నేను ఆవిడ కళ్లముందే లాగి పారేశాను. తెర మూయమంటారని, నన్ను నాలుగు తిట్టి మళ్లీ ఆ ఎరుపులోకి వెళ్లిపోతారని అనుకున్నాను.

"చూశానని అందరికీ చెప్పానే అమ్మాయ్" అన్నారు మెల్లిగా. "మూడుసార్లు."

తరువాత బండివాడి వైపు తిరిగారు. పరాయి మగవాడి మొహంలోకి ఆవిడ తిన్నగా చూడడం నేను అదే మొదటిసారి చూశాను.

"నీ గుర్రం రేవుదాకా నడుస్తుందా?"

"నడుస్తాదండి. దిగుడేనండి."

"అయితే తోలు. ఆ తెర మీద చెయ్యి వేశావంటే చెయ్యి విరుగుతుంది."

బండి కదలగానే మీసాల మనిషి పరుగెత్తుకొచ్చాడు. "తెరండీ! అమ్మగారండీ, తెర! అయ్యగారు నన్ను నరుకుతారండీ!"

"కల్లు పులిసిపోతుంది, వెళ్లి తాగు" అన్నారు అత్తగారు.

వీధులన్నీ మమ్మల్ని చూశాయి. అరుగుల మీద మగవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన చుట్ట నోట్లో పెట్టుకోబోయి చెయ్యి అలాగే ఉంచేశాడు. చూస్తే చూడనీ, నేనూ చూశాను. వాళ్ల అరుగులు చూశాను, చుట్టలు చూశాను, కిటికీలకి ఆరేసిన పంచెలు చూశాను. తల దించుకోలేదు. సిగ్గు వేస్తుందేమోనని ఎదురుచూశాను గాని అది రాలేదు.

రేవు రాకముందే గాలి వచ్చింది, అత్తగారి చెంగుని నెత్తి మీంచి ఎగరగొట్టింది. ఆవిడ దాన్ని మళ్లీ కప్పుకోలేదు. ఎదురుగా గోదావరి. దాని గురించి నేను వర్ణించను. తెర బయట కూర్చుని వర్ణించేవాళ్లని చాలామందిని విన్నాను. నీళ్ల మధ్య రైలు వంతెనకి కడుతున్న స్తంభాలు వరసగా మొండిగా నిలబడి ఉన్నాయి. చేపలు పట్టే పల్లెవాళ్లు వలలు దులుపుకుంటున్నారు. నీళ్లకి అవతల తాటిచెట్లు, ఇసక, పొగ.

"అవతలి గట్టు కనిపిస్తోందే!" అన్నారు అత్తగారు. "ఆనదన్నాడు, దొంగ సచ్చినోడు! నేనూ అదే చెప్పానే అందరికీ!"

బండి దిగి మెట్ల మీదుగా నడిచి నీళ్లలోకి వెళ్లారు. పూర్వం పుష్కరాల్లో కూడా ఆవిణ్ని నాలుగు తడికల మధ్యనే ముంచి తీయించారు. ఇప్పుడు మోకాళ్ల దాకా చీర తడుస్తుంటే అలాగే నిలబడ్డారు. దణ్ణం పెట్టలేదు, కళ్లు మూయలేదు. నేను పక్కకి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ ఏడుస్తున్నారు. ఎందుకు మూసేశారే మనల్ని అని అడిగారు నన్ను. నాకేం తెలుసు?

మేము ఇంటికి చేరేసరికి మీసాల మనిషి ముందే వచ్చి, కల్లు సంగతి మింగేసి, మిగతాదంతా మామగారికి చెప్పేశాడు. మామగారు వీధి గదిలో పడక్కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నారు. మేము తలుపు వెనక నిలబడ్డాం. మామగారు నాతో నేరుగా మాట్లాడరు, గోడతో మాట్లాడినట్టు కొడుకుతో అన్నారు: "తెర తీసినదాన్ని రేపు పడవెక్కించి పుట్టింటికి పంపెయ్. మళ్లీ తీసుకురానక్కర్లేదు."

నాకు బతిమాలుకోవాలని అనిపించలేదు. పుట్టింట్లో నన్ను ఎలా చూస్తారో తెలుసు. వదిలేసిన ఆడదాని బతుకేమిటో మా వీధిలోనే చూసి పెరిగాను. అయినా ఆ తెర ఆ పూటే మళ్లీ నా ముందుకి తెచ్చి పెడితే, ఆ పూటే మళ్లీ లాగేసి ఉండేదాన్ని.

అత్తగారు తలుపు తోసుకుని గదిలోకి వెళ్లారు. తడిసిన చీర అంచు నేల మీద నీళ్లు కారుస్తోంది.

"తెర తీసింది నేను" అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. తీసింది నేను! చేతికి ఇంకా దారం కోసిన గీత ఉంది. "కాదండీ, నేనే" అంటూ నేనూ గదిలోకి వెళ్లాను. అత్త చేసిన పనికి ఆరళ్లు లేవంటారు, ఆవిడ అది నమ్ముకునే నెత్తిన వేసుకున్నారని నాకు తరువాత తట్టింది. అప్పుడు మాత్రం ఆ పేరు వదులుకోవడానికి నా మనసొప్పలేదు.

అత్తగారు నాకేసి ఒకసారి చూసి, మామగారితో అన్నారు: "సరే, ఇద్దరం తీశాం. పంపేదుంటే ఇద్దర్నీ పంపండి. నాకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు, అయినా వెళ్తాను. పడవకి మాత్రం తెర కట్టించకండి. దారి చూసుకుంటూ పోతాం."

మామగారు లేచి, "నాకు అన్నం వద్దు" అని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. మా ఇళ్లలో మగవాడు పస్తుంటే ఆడది మెతుకు ముట్టకూడదు. ఆ శిక్ష ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఇలాంటి రాత్రులు ఆవిడ ఉత్త మంచినీళ్లతో ఎన్ని గడిపారో నేను ఎప్పుడూ అడగలేదు.

అత్తగారు వంటింట్లోకి వెళ్లి రెండు విస్తళ్లు వేశారు. వేడన్నం, పులస పులుసు, గడ్డపెరుగు. వంటింటి తలుపు తీసిపెట్టి, ఇద్దరం ఎదురుబొదురుగా కూర్చుని కడుపునిండా తిన్నాం.