ఆర్విల్ కేక

"పడిందిరోయ్! పడింది!"

టెనెసీ కొండల మధ్య ఆ సరస్సు మీద పొగమంచులోంచి ముందు ఈ కేక వస్తుంది. తర్వాత తెడ్డు చప్పుడు, ఆ తర్వాత రేకు పడవ, అన్నిటికన్నా చివర ఆర్విల్. అక్కడ బాస్ చేపలు పట్టేవాళ్ళు మంచి చోటు దొరికితే పెళ్ళానికి కూడా చెప్పరు. ఆర్విల్ మాత్రం సరస్సు మొత్తానికీ చాటేవాడు. అదే ఆయన జబ్బు. అన్ని చేపలు పట్టినా, ఆయన చేతిలో చేపను చూసినవాళ్ళు లేరు.

"ఎంతుంది బాబాయ్?" అని డూలీ మోటారు పడవలోంచి అరిచేవాడు.

"నా మోచెయ్యంత!"

"ఏదీ, చూపించు!"

"ఇప్పుడే తెంచుకుపోయింది. దాని అన్న ఇక్కడే ఉన్నాడు, రండి!"

పడవలన్నీ అటు పరిగెత్తేవి. అన్న దొరికేవాడు కాదు. మర్నాడు దాని మేనమామ పడేవాడు. ఆకులు ఎర్రబడే వేళకు ఆ చేప వంశం ఊళ్ళో వాళ్ళందరికీ కంఠస్థమైంది.

ఎదుటి గట్టున, హికరీ వాగు సరస్సులో కలిసే చోట, తన చెక్క రేవు మీద కుర్చీ వేసుకుని కూర్చునే నెల్డాకు మాత్రం ఆ కేక వింటే ఒళ్ళు మండేది. వేసవిలో పక్షవాతం వచ్చాక ఆవిడ కుడిచేయి చెప్పిన మాట సగమే వింటోంది. రాత్రులు చల్లబడ్డాయి. వెండి మెరుపుల్లాంటి చిన్న చేపలు వాగులోకి ఎదురెక్కుతున్నాయి, వాటి వెనకే బాస్‌లు. సోమవారం నుంచి చలికాలం కోసం ఆనకట్ట తెరిచి సరస్సు నీళ్ళు కిందికి వదిలేస్తారు. ఇక వసంతం దాకా ఆ రేవు బురదలో నిలబడాల్సిందే. ఈలోగా ఎడమచేత్తో ఒక్క బాస్ పట్టాలి. పట్టలేకపోతే గాలం కర్ర అటకెక్కించెయ్యాలి. ఆ పందెం నెల్డా తనతోనే వేసుకుంది.

"ఎందుకలా అరుస్తావు ఆర్విల్? చేపలకు గుండె ఆగిపోతుంది," అంది ఓ సాయంత్రం, ఆయన పడవ రేవు పక్కనుంచి పోతుంటే.

"సంతోషం ఆగదు నెల్డా. పొద్దుట్నుంచీ పడుతూనే ఉన్నాయి."

"మరి ఇంటికేం తీసుకెళ్తున్నావు?"

"ఆకలి."

శుక్రవారం ఎరల కొట్టు దగ్గర డూలీ ఆవిడతో మొరపెట్టుకున్నాడు. "ముసలాయన కర్ర వంగితే నిజమే అనుకుని వెళ్ళానత్తా. పట్టింది నీళ్ళలో మునిగిన చెట్టు మొద్దు! పోయిన వారమూ అదే మొద్దు."

"తెలిసీ ఎందుకు పోతావురా?"

"కేక వింటే చెయ్యాగదు. మీ వాగులోకి తిరుగుదామనుకుంటామా, సరిగ్గా అప్పుడే ఆయనకు పడుతుంది."

ఎరల డబ్బా మూత పెట్టబోతున్న నెల్డా ఆగింది. "సరిగ్గా అప్పుడేనా?"

"ప్రతిసారీ!"

ఆ ఇరుకు వాగులో ఒక్క మోటారు తిరిగినా ఆ రోజుకిక చేపలుండవు. ఆ సంగతి నెల్డాకు తెలుసు. ఆర్విల్‌కూ తెలుసు.

ఆదివారం సాయంత్రం మూడు పడవల ముక్కులు వాగు వైపు తిరిగాయి. "పడిందిరోయ్!" దూరంగా కేక. ముక్కులు మళ్ళీ అటు తిరిగాయి. ఈసారి నెల్డాకు ఒళ్ళు మండలేదు. నీళ్ళు మేపుల్ ఆకుల్ని మోసుకుంటూ నెమ్మదిగా పోతున్నాయి. పొద్దు వాలింది. ఆర్విల్ ఇంటిముఖం పట్టి రేవు ముందుకు వచ్చేసరికి, ఒక ఎర్రటి ఆకు పక్కన నెల్డా గాలం దారం బిగిసింది.

నెల్డా కర్రను కుడి చంకలో ఇరికించి, ఎడమచేత్తో దారం చుట్టడం మొదలుపెట్టింది.

"వల! ఆర్విల్, వల!"

"వలా? లేదే!"

"ఇన్ని చేపలు పట్టేవాడికి వల లేదా?"

"ఎప్పుడూ అవసరం..." ఆర్విల్ నాలుక కరుచుకున్నాడు.

పడవ ఆనించి, రేవు మీద బోర్లా పడుకుని, టోపీతోనే చేపను పైకెత్తాడు. బాసే! ఆకుపచ్చ ఒంటి మీద ఆఖరి వెలుగు పడి మెరిసింది. కొక్కెం తీసి ఇద్దరూ కాసేపు దాన్ని అలాగే చూశారు. ఆర్విల్ అయితే జన్మలో మొదటిసారి చేపను చూసినట్టు చూశాడు. తర్వాత నెల్డా తన ఎడమచేత్తో దాన్ని నీళ్ళలోకి వదిలింది.

కర్ర అటకెక్కదు. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"పడిందిరోయ్! పడింది!"

దూరంగా డూలీ మోటారు చప్పుడు ఠక్కున ఆగింది. ఆర్విల్ ముఖం పాలిపోయింది. నీళ్ళు కారుతున్న టోపీ అలాగే నెత్తిన పెట్టుకుని, పెదాల మీద వేలుంచి, ఆ సరస్సు ఎన్నడూ వినని గుసగుసలో అన్నాడు:

"మెల్లిగా నెల్డా! మంచి చోటు దొరికితే ఎవరైనా అలా అరుస్తారా?"