నేను వదిలిన కుందేలు

వేట అనగానే పులో, అడవిపందో అనుకునేరు. నన్ను ముంచింది కుందేలు. అదీ వేలు తగలకుండా ముంచింది. ఒక్క శనివారంలో భార్య దగ్గర నాకున్న పరువంతా, అత్తగారిచ్చిన స్టీలు క్యారియరుతో సహా, ఎలా పోయిందో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

అవి రెండు వేల సంవత్సరం మొదటి రోజులు. సిడ్నీలో, హారిస్ పార్కులో అద్దె యూనిట్లో ఉండేవాళ్ళం. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చడం నా ఉద్యోగం. జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా వణికింది. ఒక్కటీ ఆగలేదు. ఆగింది మేమే. రోగం కుదిరాక వైద్యుడితో పనేముంది? ఒక్కొక్కరి కాంట్రాక్టూ తెంపేస్తున్నారు. నాది మార్చి దాకా ఉంది. మా ఆవిడ వసంతకు ఏడో నెల. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది, వీసా పోతే నిండు మనిషిని వెంటబెట్టుకుని విమానం ఎక్కాలి. మార్చికి ఎన్ని రోజులున్నాయో రోజూ లెక్కపెట్టుకునేవాణ్ణి.

తెనాలికి ఫోన్ చేసినప్పుడల్లా, కార్డు అయిపోయేదాకా, గర్భిణి భర్త చేయకూడని పనులు మా అత్తగారు చెబుతూనే ఉండేవారు. క్షవరం చేయించుకోకూడదు. కొబ్బరికాయ కొట్టకూడదు. ప్రాణిని చంపకూడదు. దాంతో ఐదో నెల నుంచి నా జుట్టూ గడ్డమూ అడిగేవాడు లేక పెరిగాయి. ఆఫీసు లిఫ్టులో జనం నాకు దూరంగా జరిగి నిలబడేవారు.

ఆ గడ్డమే కొంప ముంచింది. మా మేనేజరు గ్రాహమ్ ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, "గుడ్ ఆన్ యూ, మేట్! అచ్చం మా బుష్ అడవుల్లో పుట్టి పెరిగినవాడిలా ఉన్నావు. శనివారం కుందేళ్ళ వేటకొస్తావా?" అన్నాడు.

ఆ గడ్డం వెనక మా అత్తగారున్నారని ఆయనకేం తెలుసు? నాకు మాత్రం ఆ పిలుపులో ఇంకో ఆరు నెలల కాంట్రాక్టు కనిపించింది. "వేటంటే నాకు ప్రాణం" అన్నాను. చేతి మీద దోమ వాలితే ఊది పంపించేవాణ్ణి, ఆ మాటన్నాను!

వసంత వినీ వినగానే లేచింది.

"కొబ్బరికాయే కొట్టొద్దంటే కుందేల్ని కొడతారా?"

"నేనెక్కడ కొడతాను? పక్కన నిలబడతానంతే."

"పక్కన నిలబడ్డోళ్ళకీ పాపంలో వాటా ఉంటది."

"కాంట్రాక్టు కోసమే వసంతా!"

"పోతే పోయిద్ది. బిడ్డకేమన్నా అయితే మీ గ్రాహమ్ తెచ్చిస్తాడా?"

అప్పటికి వేట మానేశానన్నాను. మర్నాడు ఇంకో అబద్ధం ఆడాను. ఇది లీపు సంవత్సరం కదా, ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని కంప్యూటర్లు ఒప్పుకుంటాయో లేదో శనివారం ఆఫీసులో టెస్టింగ్ చేయాలన్నాను. పిచ్చిది, నమ్మింది. వాసన పడక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ, నాకిష్టమని ఎండు రొయ్యల వేపుడు చేసి క్యారియరు కట్టింది. అది పట్టుకుని గుమ్మం దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా దిగాను.

గ్రాహమ్ స్టేషన్ దగ్గర కారెక్కించుకుని, ఊళ్ళు దాటించి, గొర్రెల పొలాల్లోకి తీసుకెళ్ళాడు. "తుపాకీ ఏదీ?" అన్నాను. నవ్వుతూ ఒక చెక్కపెట్టె తెరిచాడు. లోపల డ్యూక్ అనే ఫెర్రెట్. మన ముంగిసకు దగ్గరి చుట్టంలా ఉంది. దాన్ని కలుగులోకి వదిలితే లోపలి కుందేళ్ళు హడలిపోయి వేరే కన్నంలోంచి బయటికి దూకుతాయి. కన్నం కన్నానికీ వల పరిచి ఉంటుంది. ఒక వల దగ్గర నన్ను కూర్చోబెట్టి, "పడగానే పట్టుకుని మెడ విరిచెయ్" అన్నాడు, చిక్కుడుకాయ తుంచమన్నంత తేలిగ్గా.

కూర్చున్నాను. భయమేస్తే నాకు ఆకలి. సంచీలోని క్యారియరు విప్పి నాలుగు రొయ్యలు నోట్లో వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే వలలో కుందేలు పడింది. మూత పెట్టానో లేదో నాకు గుర్తు లేదు.

అది నన్ను చూసింది. దాని పొట్ట కూడా కాస్త ఉబ్బినట్టే తోచింది.  వల ఎత్తేశాను. 'నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు' అంటారు చూశారూ, ఒట్టి మాట. నా కుందేలుకు శుభ్రంగా నాలుగున్నాయి. నాలుగింటితోనూ పారిపోయింది.

"వాట్ ఆర్ యూ డూయింగ్, మేట్?" గ్రాహమ్ అరిచాడు.

"మా ఆవిడ గర్భిణి. నేను చంపకూడదు."

ఆయన నా పొట్ట వంక చూశాడు. "గర్భిణి ఆవిడ కదా?"

"మాలో ఇద్దరికీ వర్తిస్తుంది."

"మరెందుకొచ్చావు?"

కాంట్రాక్టు కోసమని అనలేక గడ్డం గోక్కున్నాను.

అంతటితో అయిందా? డ్యూక్ ఎంతకీ బయటికి రాలేదు. ఒక్కోసారి లోపలే పడుకుంటుందట. పారలు తీసుకుని సాయంత్రం దాకా తవ్వాం. గ్రాహమ్ ప్రతి కన్నం దగ్గరా బోర్లా పడుకుని "డ్యూక్! డ్యూక్!" అని పిలుస్తూ ముఖమంతా మట్టి చేసుకున్నాడు. చీకటి పడ్డాక తిరుగు ప్రయాణమయ్యాం. సంచీ బరువుగా అనిపించింది కానీ, తవ్వీ తవ్వీ నా భుజాలే పడిపోయాయనుకున్నాను.

ఇంటికి రాగానే క్యారియరు కడుగుదామని వసంత సంచీ తెరిచింది. ఆ కేకకు పై అంతస్తువాళ్ళు మెట్లు దిగివచ్చారు. నేనెత్తిన వల కిందుగా డ్యూక్ కూడా బయటికొచ్చి, వాసన పట్టుకుని సంచీలో దూరినట్టుంది. వేపుడంతా తినేసి, మీసాలకు రొయ్య పొట్టు అంటించుకుని, అప్పుడే నిద్ర లేచి ఆవులిస్తోంది.

"ఇదేనా మీ ఫిబ్రవరి ఇరవై తొమ్మిది?" అంది వసంత.

నేను డ్యూక్‌ను తువ్వాల్లో చుట్టాను.

"దేన్నన్నా చంపారా?" పొట్ట మీద చెయ్యేసుకుని అడిగింది.

"లేదు. వల్లో పడ్డదాన్ని వదిలేశాను. నీ మీద ఒట్టు."

"నా మీదొద్దు. ఆ గడ్డం మీదేసుకోండి."

ఫోన్ చేస్తే గ్రాహమ్ ఆఘమేఘాల మీద వచ్చి డ్యూక్‌ను గుండెకు హత్తుకున్నాడు. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని, "గ్రాహమ్, నా కాంట్రాక్టు సంగతి..." అన్నాను.

"నన్నే తీసేశారు, మేట్. నిన్నటితో సరి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. వేటంటే నీకు ప్రాణమన్నావుగా, తోడుంటావనుకున్నా."

ఆ పూట నాకు చావు తప్ప అన్నీ వచ్చాయి. వసంత మా ఇద్దరికీ పప్పుచారుతో అన్నం పెట్టింది. "ముందు ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్పండి" అని గ్రాహమ్‌ను ఇంగ్లీషులో మందలించింది. క్యారియరును చెత్తబుట్టలో పడేసింది. నాతో మాత్రం పురుడు దాకా మాటల్లేవు. అవసరమైతే పొట్టకేసి చూసుకుంటూ, "మీ నాన్నని ఆ ఉప్పు ఇటందుకోమను" అనేది.

మార్చిలో కాంట్రాక్టు పోయింది. వీసా గడువు ముగిసేలోగా, కాళ్ళావేళ్ళా పడి, ఇంకో చోట సగం జీతానికి చేరాను. ఏప్రిల్లో అమ్మాయి పుట్టింది, ఏ వంకా లేకుండా. గండం గడిచిందనుకున్నాను. తొందరపడ్డాను. దానికి ఏడో ఏట పాలపళ్ళు ఊడి కొత్త ముందుపళ్ళు రెండు మొలిచాయి. ఇంత పెద్దవి, కాస్త ముందుకి, కుందేలుకున్నట్టు. మా నాన్నవీ ఇలాంటివేనని ఫొటో తెచ్చి చూపించాను. ఎవరు వింటారు?

"చంపలేదు సరే," అంది వసంత, "బెదరగొట్టారుగా!"

అందుచేత ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో వేట మాట ఎత్తను. పెద్ద కొబ్బరికాయ ఒకటి పట్టుకుని, దేవుడి ముందు నిలబడి మరీ చేస్తున్నాను. ఎందుకైనా మంచిదని, కాయ మాత్రం పూజారిగారే కొడతారు.