అక్క కనిపెట్టిన పొట్టి ‘ఎ’

మా అక్కకు చిన్నప్పుడే తట్టు సోకి చూపు పోయింది. నాగపూరులో చూపులేని పిల్లల బడిలో వేళ్లతో తడిమి చదివే చుక్కల రాత, మరాఠీ బ్రెయిలీ నేర్చుకుంది. 1980ల్లో చదువు ముగించి, మహారాష్ట్ర అంచున గోదావరి ఒడ్డునున్న మా తెలుగు ఊరు సిరొంచకు వచ్చినప్పుడు ఆమె పెట్టెలో బట్టలకన్నా దళసరి కాగితాలే ఎక్కువ.

నానమ్మ పాడే నాట్ల పాటలు రాసుకోవాలని అక్కకు కోరిక. తెలుగు అక్షరాలు రావు కాబట్టి, పాట వింటూ మరాఠీ చుక్కలతోనే కాగితం మీద టకటకా పొడిచింది. తర్వాత వేళ్లతో తడుముతూ చదివి వినిపించింది.

“ఏద్దు మేడలో గంట...”

నానమ్మ పకపకా నవ్వింది. “ఎద్దుకు మేడ ఎక్కడిదే? మెడ బిడ్డా, మెడ!”

మరాఠీలో పొట్టి ‘ఎ’ లేదు, పొట్టి ‘ఒ’ లేదు. ఉన్నవి పొడుగువే. అక్క ఆ పూట అన్నం సరిగా తినలేదు. తెల్లారి లేచి, పొట్టిగా పలకాల్సిన ప్రతిచోటా ఆ అక్షరం ముందొక ఒంటి చుక్క పెట్టడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది, తనే పెట్టింది. ఈసారి చదివితే ఒక్క మాట తప్పు పోలేదు.

మా పక్కింటి బట్టల దుకాణం చాచాకు వరంగల్‌లో చుట్టం ఒకాయన ఉన్నాడు. ఆయనకూ చూపు లేదు, అక్కడ చూపులేని పిల్లలకు చదువు చెప్పేవాడు. చాచా మమ్మల్ని పడవలో గోదావరి దాటించి, బస్సెక్కించి ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. మాస్టారు అక్క కాగితం మీద వేళ్లు నడిపి ఒకచోట ఆగాడు.

“గీ ఒంటి చుక్క ఏంది బేటీ?”

అక్క భయపడుతూనే చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

“శభాష్! మన చుక్కల రాతల మరాఠీ ‘క’, తెలుగు ‘క’ ఒక్కటే, చుక్కలు అవే. గీ పొట్టివాటికే తెలుగుల వేరే గుర్తులున్నయి. అవి నీకు తెల్వకనే జాగ సూసి పెట్టినవ్.”

ఆ రెండు గుర్తులూ ఆమె వేలు పట్టి నేర్పించాడు. ఇంటికొచ్చాక అక్క పాటలన్నీ మళ్లీ రాసి, ఒక కట్ట ఆయనకు పంపింది. తన బడి పిల్లలు వాటిని చదువుకుంటున్నారని ఆయన చాచాతో కబురు చేశాడు.

ఆ మాట చెబితే నానమ్మ ఎంతసేపటికీ నమ్మలేదు. “నా గొంతు ఇనకుంట నా పాట ఎట్ల సదివిండ్రే?” అంటూ అక్క వేళ్లను తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్కటే నిమిరింది.